చల్లారిన కూడు

జూన్ 3

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూడగానే "వీడికేదో అవసరం పడింది" అనుకుంటావు. పడింది. ముందే ఒప్పేసుకుంటున్నాను.

మా హాస్యపత్రికకి కొత్త సంపాదకుడు వచ్చాడని చెప్పాను కదా. మనిషి నవ్వడు. మనం రాసింది చదివి, బాగుంటే పక్కన పెన్సిల్‌తో టిక్కు పెడతాడు. అదే ఆయన నవ్వు. మొన్న అందర్నీ కూర్చోబెట్టి, ఈసారి వార్షిక సంచిక మొత్తం ఒక పత్రికకి పేరడీగా ఉండాలన్నాడు. అట్ట దగ్గర్నుంచి ఆఖరి ప్రకటన దాకా ముప్పై రెండు పేజీలు. ఏ పత్రికని పట్టుకోవాలని గదంతా గోల. సినిమా పత్రిక అన్నాడొకడు, జాతకాల పత్రిక అన్నాడొకడు. నేను చెయ్యెత్తి మీ 'చల్లని గూడు' పేరు చెప్పాను. మన దానికి పేరు కూడా అక్కడికక్కడే పుట్టింది: 'చల్లారిన కూడు'. టిక్కు పడింది.

పని నా నెత్తిన పెట్టారు. ఇది నెగ్గితే నన్ను సహాయ సంపాదకుణ్ణి చేస్తారట. నెగ్గకపోతే పత్రికే ఉండేలా లేదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ పత్రికలో 'పెద్దమ్మ జవాబులు' రాస్తున్నదానివి. దాని ఎముకలన్నీ నీకు తెలుసు. కోపం రాదంటేనే చెప్పు. మీ పత్రిక ఏ పేజీ చింపి చూపించినా మీదేనని తెలిసిపోతుంది. ఎందువల్ల? నేను ఎక్కడ చూడాలి?

నీ గుండు

(చిన్నప్పుడు మీరు పెట్టిన పేరు ఇప్పుడు సార్థకమైంది. దువ్వెన పారేశాను.)


జూన్ 11

ఒరేయ్ గుండూ,

కోపం ఎందుకురా? మా పత్రికని వెక్కిరించేంత శ్రద్ధగా ఒకడు చదువుతున్నాడంటే అదే పదివేలు. మా సంపాదకురాలే అంత చదవదు.

విను. జోకుల దగ్గర మొదలుపెట్టకు. విసుగు దగ్గర మొదలుపెట్టు. ఏ పత్రికకైనా దాని విసుగే దాని ముఖం. మాకు పేజీకి మూడు కాలమ్‌లు. నా పేజీలో మూడో కాలమ్ అడుగున కుక్కర్ ప్రకటన ఉంటుంది, అందుకే నా జవాబేదీ పద్నాలుగు పంక్తులు దాటదు. ఎవరి కాపురం కూలినా పద్నాలుగే. జాగా మిగిలితే 'మీకు తెలుసా?' అని నత్తకెన్ని పళ్ళో వేస్తాం. ప్రతి వ్యాసమూ 'ఏది ఏమైనా' అంటూ ఆఖరి పేరాలో అడుగుపెడుతుంది. మా కథల్లో భర్తలు నవ్వరు, మందహాసం చేస్తారు. వంటల పేజీలో ఉప్పు నుంచి ఓపిక దాకా అన్నీ 'తగినంత'. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు దించు. పది మాటలు మావి, పదకొండోది నీది. అప్పుడే అది పేలుతుంది. పదకొండూ నీవే అయితే వట్టి అల్లరి.

ఇంకొకటి. మా పత్రికలో నీకు ఇష్టమైనది ఒకటి వెతుక్కో. ఇష్టం లేనిదాన్ని అనుకరిస్తే తిట్టినట్టు ఉంటుందిగానీ నవ్వు రాదు.

నేనా, అదే మూడో అంతస్తు, లిఫ్టు మోటారు పక్క గది. లిఫ్టు కదిలినప్పుడల్లా బల్ల మీద గుండుసూదుల డబ్బా వణుకుతుంది. సోమవారం ఉత్తరాల సంచీ వస్తుంది. అందరూ ఒకటే అడుగుతారు, నేను ఒకటే చెబుతాను. ఒక్కావిడ మాత్రం వేరు. ఆకుపచ్చ సిరాతో రాస్తుంది, పేరుండదు, ఇంటి చిరునామా ఉంటుంది. ఆవిడ భర్త పదకొండేళ్ళుగా ఆవిడతో మాట్లాడడు. కొట్టడు, తిట్టడు. వంటింటి తలుపు పక్కన ఒక పలక వేలాడదీశాడు. 'ఉప్పు తక్కువ.' 'చొక్కా గుండీ.' 'రేపు పెందలాడే.' దాని మీద రాసి వెళ్ళిపోతాడు, ఆవిడ చదివి తుడిచేస్తుంది. ఎందుకు మానేశాడో ఆవిడకీ తెలియదు. అచ్చు వేయొద్దని ప్రతి ఉత్తరం చివరా గీత గీసి మరీ రాస్తుంది. అందుకని నేనే నెలనెలా విడిగా పోస్టులో జవాబు పంపుతాను. ఇది ఎవరికీ చెప్పకూడదు. నీకు చెబితే ఎవరికీ చెప్పనట్టే కదా.

వేళకి తిను. బొత్తిగా పుల్లలా అయ్యావని విన్నాను.

అక్క


జూలై 2

అక్కా,

నీ ఉత్తరం బల్ల ముందు గోడకి అంటించుకుని పనిచేస్తున్నాను.

మొదటి ప్రతి తగలబడింది. నీ మాట వినకుండా వాక్యానికో చమత్కారం కూరాను. సంపాదకుడు ఆరు పేజీలు చదివి, "చక్కిలిగింతలు పెడుతూనే ఉంటే ఏడుపొస్తుందయ్యా" అన్నాడు. రెండోసారి పట్టుదలగా మీ పత్రికని అచ్చుగుద్దినట్టు దించాను. ప్రూఫులు చూసేవాడు నా దగ్గరికొచ్చి, "సార్, పొరపాటున అసలు పత్రిక పంపించారు" అన్నాడు. వాడు ఆవులిస్తున్నాడు కూడా. మూడోసారికి చెయ్యి కుదిరింది. 'తగినంత ఓపిక, చిటికెడు అబద్ధం' అని ఒక వంట రాశాను. 'ఏది ఏమైనా' అనే శీర్షికతో సంపాదకీయం రాశాను, అందులో ఏదీ ఏమీ కాదు.

అన్నిటికన్నా 'పెద్దమ్మ జవాబులు' బాగా కుదిరింది. అందులో ఒక ఉత్తరం ఉంది, బంగారం. ఇప్పుడు చెప్పను. అచ్చులో చూద్దువుగాని.

ఒక సాయం కావాలి. మీ అట్ట మీద పేరు ఉంటుందే, ఆ గుండ్రటి అక్షరాలు మావాళ్ళకి రావడం లేదు. 'గూ' దగ్గర పిట్ట ముక్కులా ఒక వంపు ఉంటుంది, అది తప్పిపోతోంది. అసలు నమూనా ఒకటి పంపించగలవా?

గుండు


జూలై 14

గుండూ,

నమూనా పెట్టాను. మడత పడకుండా అట్టముక్కల మధ్య పెట్టాను, జాగ్రత్త. ఆ వంపు వేసిన చిత్రకారుడు పోయి పదేళ్ళయింది. అది చూసి అడిగింది నువ్వొక్కడివే.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తర్వాత కొంచెం గుబులు పట్టుకుంది. ఆ బంగారం ఏమిటో చెప్పకూడదా? జవాబులు చెప్పే పెద్దమ్మని ఎంతైనా ఏడిపించు. ఆవిడ అరుగెక్కి కూర్చుంది కాబట్టి కిందికి లాగొచ్చు. ప్రశ్న అడిగేవాళ్ళు అప్పటికే నేల మీద ఉంటారు. వాళ్ళ కింద నుంచి ఏం లాగుతావు?

రెండోది, ప్రతి పేజీ అడుగునా 'పేరడీ' అని వేయించు. జనం అట్ట చూసి చదవరు. బస్సులో పక్కవాడి భుజం మీదుగా చదువుతారు. మా పేజీని నమ్మి కొందరు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, కొందరు మానుకున్నారు. నాకే భయం వేస్తుంది.

మూడోది, ఆ జవాబుల పేజీ ప్రూఫు అచ్చుకి వెళ్ళేలోగా నాకు పంపు. ఇది అడగడం కాదు, చెప్పడం.

అక్క


ఆగస్టు 9

అక్కా!

దుకాణాల్లో ఒక్క ప్రతి లేదు. రెండోసారి వేస్తున్నారు. మా సంపాదకుడు ఇవాళ పళ్ళు కనపడేలా నవ్వాడు. చూడ్డానికి అంత బాగా ఏం లేదు. నన్ను సహాయ సంపాదకుణ్ణి చేశారు. కిటికీ పక్కన బల్ల ఇచ్చారు.

ప్రూఫు పంపలేకపోయాను, కోప్పడకు. ఆఖరి వారం ఒకటే ఉరుకులు. ప్రతి పేజీలో 'పేరడీ' అని వేస్తే రసభంగం అన్నాడాయన. అట్ట లోపలి వైపు చిన్న అక్షరాల్లో వేశాం. నీ నమూనా పుణ్యమా అని అట్ట ఎంత బాగా వచ్చిందంటే, మీ సంచిక ఆ వారం ఆలస్యమైతే పేపర్ వేసేవాళ్ళు మాదే ఇళ్ళల్లో పడేశారట!

జనం పన్నెండో పేజీ చింపి దాచుకుంటున్నారు. ఇదీ ఆ బంగారం:

"ప్రశ్న: మావారు పదకొండేళ్ళుగా నాతో పలక మీద రాసి మాట్లాడుతున్నారు. 'ఉప్పు తక్కువ' అని నిన్న కూడా రాశారు. నేనేం చేయాలి?

పెద్దమ్మ: తల్లీ, ఓర్పు వహించు. ముందు కాస్త పెద్ద పలక కొను. ఏది ఏమైనా, సుద్దముక్కలు తగినన్ని ఉంచుకో."

కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. నువ్వూ నవ్వాలి. రెండు ప్రతులు విడిగా పంపాను.

నీ సహాయ సంపాదకుడు


ఆగస్టు 21

పుస్తకం అందింది. పన్నెండో పేజీ చదివాను.

నవ్వు నాలుగు విధాల చేటని అమ్మ అంటుంటే, ఆ నాలుగూ ఏమిటో చెప్పమని నువ్వు వేధించేవాడివి. ఇప్పుడు నన్ను అడక్కు.

ఇక్కడ మేనేజరు అట్ట పట్టుకుని గదిగదికీ తిరుగుతున్నాడు. ఆ అక్షరాలు ఎవరిచ్చారని అడుగుతున్నాడు.

కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

అక్క


ఆగస్టు 30

అక్కా,

రాయకు అన్నావు. రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ళ పెద్దమ్మని పేజీన్నర వెక్కిరించేసరికి ఇంత ఉడుకుమోత్తనమా? కోపం రాదని నువ్వే రాశావు. పెద్దమ్మని ఏడిపించమని కూడా నువ్వే రాశావు. అందరికీ ఒకటే చెబుతానని నీ చేత్తోనే రాసి, నేను దాన్నే అచ్చులో పెడితే ముఖం తిప్పుకుంటావా? వెక్కిరింత తనది కానంతసేపూ అందరికీ బాగానే ఉంటుంది.

ఇంకో మాట అనేస్తాను. ఏడేళ్ళ క్రితం నా భార్య వెళ్ళిపోయినప్పుడు నీకు ఉత్తరం రాశాను. ఆరు పేజీలు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాశాను, ఇంటికి వెళ్ళబుద్ధి కాక. నీ జవాబు వచ్చింది. 'ఓర్పు వహించు' అని మొదలైంది. లెక్కపెట్టాను, పద్నాలుగు పంక్తులు. కింద కుక్కర్ ప్రకటన ఒక్కటే తక్కువ.

పేరడీ రాయడం నాకు కష్టం కాలేదు. ఏడేళ్ళుగా కంఠతా వచ్చు.

తమ్ముడు


సెప్టెంబరు 12

తమ్ముడూ,

నువ్వు పొరబడ్డావు. నా గురించి రాసింది చదివి నేను నవ్వాను. ఒక్కదాన్నే, తలుపేసుకుని. నా గొంతు అంత బాగా ఇంకెవరూ పట్టలేరు.

నా బాధ ఆకుపచ్చ సిరా ఆవిడ గురించి. ఆవిడ ఉత్తరం పోయిన నెలలోనే సోమవారం సంచీలో వచ్చింది. నకలు రాస్తున్నాను. నువ్వు చదవాలి.

"పెద్దమ్మ గారికి. శనివారం మీ పత్రిక వచ్చింది. ఎప్పట్లాగే ముందు మీ పేజీ తీశాను. అచ్చు వేయొద్దని అడిగాను, వేశారు. పెద్ద పలక కొనమన్నారు. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతుంటే పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టి లేచాను. ఆయన చూశారు. చదివారు. పదకొండేళ్ళ తర్వాత ఆయన నాతో మాట్లాడారు. 'ఊరందరికీ చెప్పావా?' అన్నారు. గొంతు మారిపోయింది, ముసలి గొంతు. తర్వాత పలక తీసి ఎక్కడో పారేశారు. ఇప్పుడు మాటా లేదు, రాతా లేదు. ఉప్పు సరిపోయిందో లేదో నేనే ఊహించుకోవాలి. పదకొండేళ్ళుగా మీరు నా ఉత్తరాలు చదువుతున్నారనుకున్నాను."

అంతే. సంతకం ముందూ ఉండేది కాదు. ఆవిడ చేతికొచ్చింది మీ పత్రిక, ఆవిడకది తెలియదు. అట్ట మీద ఆ పిట్టముక్కు వంపు చూసి నేననే నమ్మింది. వెంటనే జవాబు రాశాను. కవరు విప్పకుండా తిరిగొచ్చింది.

మేనేజరు అడిగితే అక్షరాలు నేనే ఇచ్చానని చెప్పాను. నాలుగో రోజున బల్ల ఖాళీ చేయించారు. శీర్షిక ఆగలేదు. సంపాదకురాలి చెల్లెలు రాస్తోంది, అదే పేరుతో. పెద్దమ్మకి ఏమీ కాలేదు. పోయింది నేనే.

నీ ఆరు పేజీల ఉత్తరం గురించి రాయడానికి ఇప్పుడు నాకు ఓపిక లేదు. నువ్వన్నది నిజమని మాత్రం తెలుసు.

అక్క


సెప్టెంబరు 24

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇంతకాలం నేను పిల్లినని నాకు తెలియదు.

సంపాదకుడి దగ్గరికి వెళ్ళి సవరణ వేద్దామన్నాను. "జోకుకి సవరణ ఏమిటయ్యా? అప్పుడు అదీ జోకే అనుకుంటారు" అన్నాడు. దుర్మార్గంగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. వచ్చే ఏడాదికి ఇంకో పత్రికని ఎంచుకోమన్నాడు కూడా.

ఆవిడకి క్షమాపణ రాయబోయాను. పది రోజులైంది. 'మా వల్ల కలిగిన అసౌకర్యానికి' అని మొదలుపెడితే అది ఏదో ఆఫీసు గోడ మీద నోటీసులా ఉంది. 'తల్లీ' అంటే నీ గొంతు. 'ఈ పాపాత్ముణ్ణి' అంటే నాటకం. ఎవరి గొంతు కావాలంటే వాళ్ళది వస్తోంది. నాది రావడం లేదు. ఇన్నేళ్ళు అందరినీ అనుకరించి అసలుది ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. నవ్వులాటకి అనడం లేదు.

చివరికి నాలుగు పేజీలు పోగయ్యాయి, దీంతో పెట్టాను. ఆవిడకి అందించు. లేదా చిరునామా ఇవ్వు, నేనే వెళతాను. నీ ఉద్యోగం గురించి ఏం రాయాలో తెలియడం లేదు.

తమ్ముడు


అక్టోబరు 15

తమ్ముడూ,

చిరునామా ఇవ్వను. నేనే వెళ్ళాను.

బస్సు దిగి ఒక దర్జీ కొట్టు పక్కనుంచి సందులోకి వెళ్ళాలి. మూడంతస్తుల ఇల్లు, ఇరుకు మెట్లు, గోడకి తడి. తలుపు తీసినావిడ నాకన్నా పదేళ్ళు చిన్నదేమో. చూపుడు వేలి పక్కన ఆకుపచ్చ మరక లేకపోతే ఇల్లు తప్పాననుకునేదాన్ని.

"నేను... జవాబులు రాసే పెద్దమ్మని" అన్నాను. మొదటిసారి ఆ మాట పైకి అనడం. ఎంత వెర్రిగా వినపడిందో.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంకా పెద్దావిడేమో అనుకున్నానండీ" అంది. లోపలికి రమ్మంది.

జరిగిందంతా చెప్పాను. పేరడీ అంటే ఏమిటో చెప్పడానికే చాలాసేపు పట్టింది. "అంటే మీలా రాశారన్నమాట, మీరు కాకుండా" అంది. అవునన్నాను. "మరి పలక సంగతి ఆ రాసినాయనకెలా తెలుసు?" నేనే చెప్పానన్నాను. వంటింటి తలుపు పక్కన గోడ మీద పలక ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది. మాట్లాడుతున్నంతసేపూ నేను అటే చూశాను.

నీ నాలుగు పేజీలు ఆవిడకి ఇవ్వలేదు. మూడో పేజీలో ఒక్క వాక్యం నీ సొంతం. 'పలక అని వినగానే నాకు నవ్వొచ్చింది, ముందు అది చెప్పాలి' అని రాశావు చూడు. అది చెప్పాను. ఆవిడ "మొదట్లో నాకూ వచ్చేదండీ" అంది.

తర్వాత లోపలికెళ్ళి ఒక రేకుడబ్బా తెచ్చింది. నా జవాబులు. పదకొండేళ్ళవి, వచ్చిన వరసలో. బల్ల మీద పెట్టి, "ఇందులో నాకు రాసినవేవో, అందరికీ రాసేవేవో తీసి చూపిస్తారా?" అంది. దెప్పడానికి కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

గుండూ, అబద్ధం చెప్పొచ్చు. 'అన్నీ నీకేనమ్మా' అంటే అయిపోయేది. కానీ ఆవిడ ఎదురుగా కూర్చుని నా చేతులే చూస్తోంది. ఒక్కొక్కటీ విప్పాను. ఓర్పు వహించు. కాలమే మందు. ఏది ఏమైనా. వీటిని నేనే ఎలా రాశానో! కొన్నిటిలో ఇంకెవరికో రాసిన మాటే పొరపాటున దొర్లింది. 'మీ అత్తగారితో' అని ఉంది ఒకదాంట్లో. ఆవిడకి అత్తగారే లేదు. సాయంత్రం దాకా కూర్చుని రెండు కుప్పలు చేశాను. ఆవిడకే రాసినవి తొమ్మిది.

ఆ తొమ్మిదీ డబ్బాలో పెట్టి మూత వేసింది. మిగతా కట్ట నా చేతికిచ్చి, "ఇవి మీరు తీసుకెళ్ళండి. తొమ్మిది ఉన్నాయిగా" అంది.

నువ్వు నా మీద రాసింది నిజమేరా. ఆవిడ మీద రాసిందే తప్పు. రెండూ ఒక్క జవాబులోనే ఉన్నాయి. వాటిని విడదీయడం నీ చేతిలో లేదు, నా చేతిలో ఉండింది. ప్రూఫు రాకపోతే నేనే బస్సెక్కి వచ్చి ఉండాల్సింది. ఎందుకు రాలేదంటే, నాకు ఆ పుస్తకం చూడాలని సరదాగా ఉండింది. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

వచ్చేస్తుంటే మెట్ల మీద ఒకాయన ఎదురొచ్చాడు. చేతిలో సంచీ, నెరిసిన తల, ఇస్త్రీ చొక్కా. చూడగానే తెలిసింది. నేను కట్ట పట్టుకుని తడబడుతుంటే ఆయన గోడకి ఒదిగి నిలబడి దారి ఇచ్చాడు.

"నెమ్మదిగా దిగండమ్మా. కింద రెండో మెట్టు విరిగి ఉంటుంది" అన్నాడు.

ఎంత మంచి గొంతో. ఎంత మామూలు గొంతో. నేను తల ఊపాను. పైకి చూస్తే తలుపు ఇంకా తెరిచే ఉంది. ఆవిడ గడప దగ్గర నిలబడి ఉంది. ఆ మాట ఆవిడకీ వినపడింది.

ఆయన ఆవిడ పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. ఇప్పుడు అన్ని రోజులూ ఇంట్లోనే అనుకో. వచ్చేయ్. ఆరు పేజీలూ నాకు గుర్తులేవు, నువ్వే మళ్ళీ చెప్పాలి.

అక్క